హైదరాబాదు పోయిన మాయ

భూమవ్వకు ఆమె మాయను ఇవ్వలేదు. చచ్చిపుట్టిన పిల్లవాణ్ణి పాత చీర పేలికలో చుట్టి ఇచ్చారు. మాయను మాత్రం ఇవ్వలేదు.

ఈ మాట మా ఊళ్ళో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. చదివేవాళ్ళలో పట్నం వాళ్ళుంటారు కాబట్టి చెబుతున్నాను. మా దిక్కు కాన్పు ఇంట్లో అయినా దవాఖానలో అయినా, బిడ్డ దక్కినా దక్కకపోయినా, బిడ్డ వెనక పడే మాయ ఇంటికి రావలసిందే. గురిగి అనే కొత్త చిన్న మట్టికుండలో పసుపు, ఉప్పు, వేపాకు వేసి, మాయను అందులో పెట్టి, ఇంటి వెనక గోడ పక్కన గుంట తీసి పూడుస్తారు. పైన బండ వేస్తారు. బాలింత ఆ బండ మీద కూర్చుని స్నానం చేస్తుంది. ఆ నీళ్ళు మన్నులోకి ఇంకితే కడుపు మళ్ళీ నిలుస్తుందంటారు. మాయ కుక్కల పాలైనా, మురుగు పాలైనా ఇక ఆ కడుపు నిలవదంటారు. ఇదంతా నేను నమ్ముతానా అని అడగకండి. నేను నమ్మినా నమ్మకపోయినా ఆ బండ మీద కూర్చునేది నేను కాదు.

అది అరవై ఏడో సంవత్సరం. బోధన్‌కు పడమర, కాలువ కింద ఉన్న ఊరు మాది. భూమవ్వ వాళ్ళది మా పక్కిల్లు. మొగుడు లింబయ్య, ఊరి పటేలు చెరుకు తోటల్లో పురుగుమందు కొట్టేవాడు. వీపుకు డబ్బా కట్టుకుని వాడు కొడుతుంటే, ఆమె కాలువ నీళ్ళు మోసుకొచ్చి డ్రమ్ములో పోసి, మందు కలిపి, కట్టెతో తిప్పేది. నిండు నెలలు దగ్గరపడేదాకా మోసింది. ఒక మధ్యాహ్నం చెరుకు సాళ్ళ మధ్యనే నొప్పులు వచ్చాయి. బండిలో బోధన్‌కు, అక్కణ్ణుంచి బస్సులో నిజామాబాద్‌కు తీసుకుపోయారు. అక్కడ ఒక డాక్టరమ్మ సొంతంగా నడిపే దవాఖాన ఉంది. హస్తవాసి మంచిదని పేరు. పిల్లవాడు ఏడవలేదు.

అత్త వెంకటవ్వ పిల్లవాణ్ణి లింబయ్య చేతిలో పెట్టి ఆయాను నిలదీసింది.

"మాయేదే?"

"పారేసినం."

"ఏడ పారేసిండ్రు? జాగ జూపెట్టు. ఏరుకుంటం."

"మోరీల పడ్డది పో అవ్వా. లొల్లి చెయ్యకు, డాక్టరమ్మ పండుకున్నది."

వెంకటవ్వ ఒక కట్టెపుల్ల తీసుకుని దవాఖాన వెనక మోరీలో వెతకడం మొదలుపెట్టింది. పొద్దు గూకేదాకా ఆ మురుగును కెలుకుతూనే ఉంది. దారిన పోయేవాళ్ళు ఉంగరం పడిపోయిందా అని అడిగారట. ఇద్దరు నవ్వారట కూడా. లింబయ్య పిల్లవాణ్ణి తిరుగుదారిలో వాగు ఒడ్డున పూడ్చాడు.

ఆ తరువాత భూమవ్వకు కడుపు నిలవలేదు. ఆమె అంతకుముందు మాటకు మాట అనే మనిషి. చెరుకు నరికేచోట మేస్త్రీని కూడా వదిలేది కాదు. ఇప్పుడు ఎవరైనా పసిపిల్లను చేతికిస్తే తల వాసన చూసి తిరిగి ఇచ్చేసేది. ఊరికే కూర్చున్నప్పుడు ఎడమచెయ్యి దానంతటదే మోచేతి దగ్గర ఒంగి ఉండేది. అందులో ఏమీ ఉండేది కాదు. వెంకటవ్వ మాత్రం రోజూ అదే పాట పాడేది: "నీ మాయ మన్నుల పడలే. ఏడ తిర్గుతున్నదో ఏమో. అది తిర్గినన్ని దినాలు నీ కడుపు గింతే." కొడుకుకు మారుమనువు చేస్తానని కూడా అనడం మొదలుపెట్టింది.

తమాషా ఏమిటంటే వెంకటవ్వ చెప్పింది నిజం. మాయ తిరుగుతూనే ఉంది.

ఆ సంగతి రెండు మూడేళ్ళకు నాకు హన్మాండ్లు నోట తెలిసింది. అతను ఆ దవాఖానలో కంపౌండరుగా చేసి, డాక్టరమ్మతో తగాదాపడి మానేసినవాడు. నేనప్పటికి నిజామాబాద్ పసుపు గంజ్‌లో ఒక దుకాణంలో చీటీలు రాస్తున్నాను. గంజ్ ఎదుట చాయ్ హోటల్లో పొట్లాలకు కొన్న పాత కాగితాల కట్టలుండేవి. వాటిలోంచి ఇంగ్లీషు పత్రికలు ఏరుకుని, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదువుకునేవాణ్ణి. అది చూస్తే హన్మాండ్లుకు వేళాకోళం.

"ఏం పేపర్ పంతులూ, మీ బోధన్ దిక్కు ఆడోళ్ళ మాయలు రైలెక్కుతయని ఏ పేపర్ల అన్న రాసిండ్రా? టికెట్ గూడ లేదు. నేనే తీస్కపోయిన థర్మాసుల పెట్టి, సుట్టూ బరఫు ఏసి."

"ఎక్కడికి?"

"డాక్టరమ్మ తమ్ముడు బాపురావు సారు లేడా హైద్రాబాద్ల? గాయన పెంచుతడు."

"మాయను పెంచుడేంది?"

"గన్ని పుస్తకాలు సదువుతవు, గిది తెల్వదా?" అని అందరికీ వినపడేలా నవ్వాడు. "సీసల గులాబి నీళ్ళు పోసి పండబెడ్తరు. దినాం సూసుకుంటరు. అన్ని నెలకో రెన్నెల్లకో సస్తయి. ఒక్కటే సస్తలేదు. మోరీల కట్టె పెట్టి దేవులాడింది సూడు ఓ ముసల్ది, గా కోడలిది. పిలగాడు సచ్చిండు, మాయ సస్తలేదు. సారు పేడా మిఠాయి పంచిండు."

చాయ్ సగంలో వదిలేసి లేచాను.

నిజానికి అటువంటి సంగతి నేను చదివే ఉన్నాను. మన ఒంట్లో తోలైనా కండైనా కంటికి కనపడని కణాలతో కట్టినదే. ఆ కణాలను ఒంట్లోంచి తీసి, ఒంటికున్నంత వేడిలో, వాటికి కావలసిన ఆహారం కలిపిన నీళ్ళలో ఉంచితే గాజుకు అతుక్కుని పెరుగుతాయి, ఒకటి రెండవుతుంది. అలా పెంచిన కణాల మీద మందులు వేసి చూస్తారు. ఎంత వేస్తే ఎన్ని చచ్చాయి, ఎంతలోపు వేస్తే తట్టుకున్నాయి అని. మనిషి తాగి చచ్చేముందే ఏది ఎంత విషమో తెలుస్తుంది. ఆ పనిలో తప్పేమీ లేదు, మంచి పనే. చదివినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది కూడా. ఆ కణాలు ఎవరివో, వాళ్ళను అడిగారో లేదో ఆ పత్రికలో రాయలేదు. నాకూ అడగాలని తోచలేదు.

ఆ వారం ఊరికి పోయేసరికి భూమవ్వ పటేలు చేను గట్టు మీద కూర్చుని విత్తనానికి చెరుకు ముక్కలు కొడుతోంది. విన్నదంతా చెప్పాను. కత్తి ఆపకుండానే వింది. ఇంకో గడ అందుకుంటూ అడిగింది.

"గది వానిదా తమ్మీ, నాదా?"

నేను చదివింది చెప్పాను. మాయలో తల్లి వంతు కొంత ఉంటుంది గాని, వాళ్ళు తీసుకునే పల్చటి పొర మాత్రం బిడ్డదే. బిడ్డ ఒళ్ళు దేనితో తయారయిందో అదీ దానితోనే తయారయింది.

"అంటే వాడే."

"వాడు కాదక్కా. కాళ్ళు చేతులుండయి. తోలు లెక్క పరుసుకొని ఉంటదంతే."

చేతిలో ఉన్న చెరుకు ముక్కను నా ముఖం ముందు పెట్టింది. "దీనికి ఆకున్నదా? ఏరున్నదా? గీ మొలిచే కన్ను ఒక్కటే ఉన్నది. మరి గిది చెరుకు కాదా?"

ముక్కను కుప్పలో పడేసి కత్తి పక్కన పెట్టింది.

"దేవులాడుకుంట పోదాం. తోల్కపోతవా తమ్మీ?" అంది.

ఆమె పోదామన్నది చూడ్డానికి. వెంకటవ్వ బయలుదేరింది తేవడానికి. మాయ దొరికిందన్న మాట చెవిన పడగానే ముసలమ్మ కుమ్మరి ఇంటికి పోయి కొత్త గురిగి తెచ్చింది. లింబయ్య చేత ఇంటి వెనక గుంట తీయించింది. పసుపు ఉప్పు మూటగట్టింది. మందు కొట్టే కాలం కాబట్టి పటేలు లింబయ్యను వదల్లేదు. నిజామాబాద్‌లో మేం ముగ్గురం రైలెక్కాం. వెంకటవ్వ గురిగిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

టికెట్ కలెక్టర్ వచ్చాడు. "ఏమున్నదవ్వా గురిగిల?"

"ఏం లేదు. అచ్చేటప్పుడు ఉంటది."

"అయితే అచ్చేటప్పుడు దానిక్కూడా టికెట్ తియ్యాలె," అన్నాడు నవ్వుతూ.

"పోయేటప్పుడు దానికి టికెట్ ఎవలు తీసిండ్రు? గాళ్ళను పట్టుకోపో ముందుగాల!"

పాపం అతనికేమీ అర్థం కాలేదు. భూమవ్వ కిటికీ వైపు తిరిగి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో కనపడలేదు.

హన్మాండ్లు చెప్పిన గుర్తుల మీద వెతికితే, పట్నం అంచున పొడుగాటి భవనం, బాపురావు పనిచేసే పరిశోధనశాల. చౌకీదారు లోపలికి పోనివ్వలేదు. వెంకటవ్వ గేటు దగ్గరే కూర్చుని, మీ సారు మా ఇంటి సొమ్ము ఎత్తుకొచ్చిండని గట్టిగా చెప్పుకోవడం మొదలుపెట్టాక బాపురావే బయటికి వచ్చాడు. నేను ఏదో రాక్షసుణ్ణి ఊహించుకున్నాను. సన్నగా, కళ్ళజోడుతో, మోచేతి దగ్గర చొక్కా చిరిగిన మనిషి. అతని మీద కోపం నిలబెట్టుకోవడానికి నాకు కొంచెం కష్టమే అయింది.

వెంకటవ్వ గురిగిని అతని బల్ల మీద పెట్టింది. "మా మాయ మాకియ్యి బిడ్డా."

"అవ్వా, మాయ లేదు. దాంట్లోంచి ఒక పల్చటి పొర తీసుకున్నాం. మిగతాది అప్పుడే..."

"మోరీల పారేసిండ్రా?"

"లేదవ్వా. కాల్చేశాం."

వెంకటవ్వ గురిగిని మళ్ళీ చేతుల్లోకి తీసుకుంది. మాయను కాల్చడమన్నది ఆమె పుట్టి బుద్ధెరిగి వినలేదు.

"వీళ్ళనెందుకు అడగలేదు?" అన్నాన్నేను.

"ఇక్కడి దవాఖానల్లో తీసుకోవాలంటే కాగితాలు, సంతకాలు, నెలల తరబడి తిరగాలి. అక్కడైతే అక్కయ్య ఉంది." ఆగి, నేల చూస్తూ అన్నాడు, "అడిగితే ఇవ్వరనుకున్నాం."

"అడిగిండ్రా?" అంది వెంకటవ్వ.

"లేదు."

అంతవరకూ గుమ్మం దగ్గరే నిలబడ్డ భూమవ్వ మెల్లగా అంది, "సార్, జెర సూపెడ్తరా?"

లోపల ఒక గదిలో చెక్కబీరువా లాంటి పెట్టె ఉంది. కరెంటుతో అది ఎప్పుడూ ఒకే వేడిలో ఉంటుందట. తలుపు తీస్తే మనిషి ఊపిరంత వెచ్చని గాలి ముఖానికి తగిలింది. అరల నిండా చదునైన సీసాలు వెల్లకిలా పడుకోబెట్టి ఉన్నాయి. వాటిలో గులాబీ రంగు నీళ్ళు. బాపురావు ఒకటి తీసి మైక్రోస్కోపు కింద పెట్టాడు. భూమవ్వ ఒంగి చూసింది.

"ఏం లేదు. నా కన్నురెప్పలే కనవడుతున్నయి."

అతను మర ఒకటి తిప్పాడు. ఆమె ఊపిరి ఆగడం పక్కనున్న నాకు తెలిసింది. తరువాత నేనూ చూశాను. ఎండిన చెరువులో ఒండ్రుమట్టి పగిలి బిళ్ళలు బిళ్ళలుగా పక్కపక్కన ఒదిగినట్టుంది. కాని మట్టి కాదు, లోపలినుంచి ఒక వెలుగు. ప్రతి బిళ్ళలోనూ ఒక మచ్చ.

"కదులుతలేవేంది సార్?"

"కదులుతాయమ్మా, చాలా మెల్లగా. మన కంటికి అందదు."

ఆమె అత్త వైపు తిరిగింది. "పండుకున్నడు," అంది.

వెంకటవ్వ చూడనంది. చూస్తే కండ్లు పోతాయని భయం.

బాపురావుకు తన పని మీద ప్రేమ. ఆ ప్రేమలో పడి ఎదుట ఉన్నది ఎవరో మరిచిపోయినట్టున్నాడు. "ఇది చూడండి, మందు వేసిన సీసా," అని ఇంకొకటి పెట్టేశాడు. పెట్టాక నాలుక కరుచుకున్నాడు గాని అప్పటికే ఆమె ఒంగింది. బిళ్ళలన్నీ విడిపోయి, గుండ్రంగా ముడుచుకుని, ఇసుక రేణువుల్లా నీళ్ళలో తేలుతున్నాయి. ఆమె తలెత్తింది. అటూ ఇటూ చూసింది. గోడ బల్ల మీద ఒక డబ్బా ఉంది, పుర్రె బొమ్మతో.

"గిది మా చెరుకు మందు గదా!"

"అవునమ్మా."

"ఎంత ఏసిండ్రు?"

"చుక్కలో వెయ్యో వంతు."

"గంతకే సచ్చిండ్రా?"

బాపురావు తలూపాడు.

"మేం డ్రమ్ములు డ్రమ్ములు కలిపినం సార్," అంది ఆమె. ఎవరితోనో చెప్పినట్టు కాదు, గుర్తుచేసుకున్నట్టు. ఆ సీసా మీదికి మళ్ళీ ఒంగి అడిగింది, "నొప్పి పుడ్తదా?"

"పుట్టదమ్మా. నొప్పి తెలియాలంటే నరాలుండాలి. వీటికి లేవు."

ఆమె నా చెవి దగ్గరకు వచ్చింది. "నిజమే సెప్తుండా తమ్మీ?"

"నిజమే అక్కా," అన్నాను. నేను చదివినంతలో అది నిజమే.

"అన్నీ ఇచ్చెయ్యండి," అన్నాను బాపురావుతో. ఎందుకో గొంతు పెద్దదయింది. "వీళ్ళవి వీళ్ళకు ఇచ్చెయ్యండి."

"ఇస్తాను. కాదనడానికి నాకేం హక్కుంది?" అన్నాడు. "కాని ఈ పెట్టెలోంచి బయటికి పోతే మూడు నాలుగు రోజులే. ఇక్కడుంటే మేం ఆహారం మారుస్తూ ఉంటాం, ఎన్నేళ్ళైనా ఉంటాయి. మీరే చెప్పండమ్మా."

వెంకటవ్వ గురిగి మూత తీసి పట్టుకుంది. ఇంటి వెనక గుంట సిద్ధంగా ఉంది. మన్నులో పడితే కడుపు నిలుస్తుంది, మారుమనువు మాట పోతుంది. మన్నులో పడాలంటే పెట్టెలోంచి తీయాలి. పెట్టెలో ఉంటే బతుకుతుంది, కాని రోజూ ఆ డబ్బాలోని మందు తాగుతూ బతుకుతుంది. భూమవ్వ ఆ తెరిచిన తలుపు ముందు ఎంతసేపు నిలబడిందో! వేడి పోతుందని తలుపు మూయాలని బాపురావుకు ఉంది గాని మూయలేదు.

"ఒక్కటియ్యుండ్రి. తక్కినయి ఉండనియ్యుండ్రి."

"ఒక్కటేందే పిచ్చిదానా! మొత్తం మన్నుల పడాలె," అంది వెంకటవ్వ.

"ఒక్కటి సాలత్తా." మళ్ళీ బాపురావును అడిగింది, "గీ మందు ఏసుడు బంద్ పెట్టరా?"

"ఆపితే ఈ మందు ఎంత చెడ్డదో ఎవరికీ తెలియదమ్మా. తెలిస్తే ఆపించొచ్చు. దానికోసమే చేస్తున్నాం."

"అట్లయితే జల్ది తెలుసుకోండ్రి," అంది భూమవ్వ.

బాపురావు ఒక సీసాకు బిరడా గట్టిగా బిగించి ఇచ్చాడు. గులాబీ రంగు పోయి పసుప్పచ్చగా మారితే ఆకలితో ఉన్నట్టు, మసకబారితే ఇక అయిపోయినట్టు అని చెప్పాడు. ఆమె దాన్ని రెండు చేతులా తీసుకుని, గోడ వైపు తిరిగి, రవికెలో పెట్టుకుంది. నేను బాపురావు ముఖం చూశాను.

"సరిగ్గా అంత వేడే కావాలి," అన్నాడు అతను, నెమ్మదిగా.

గురిగి ఖాళీగానే ఊరికి వచ్చింది. గుంట చుట్టూ వాడకట్టు ఆడవాళ్ళంతా చేరారు.

"తియ్యే. పొద్దు గూకక ముందే పెట్టాలె," అంది వెంకటవ్వ.

"బతికున్నది అత్తా."

"మాయకు బతుకేందే? నేను గన్ని పూడ్సిన, ఒక్కటన్న లేసి కూసున్నదా?"

ఆడవాళ్ళు ఫక్కున నవ్వారు. భూమవ్వ కూడా నవ్వింది. ఆమె నవ్వగా విని అప్పటికి ఏళ్ళయింది. కాని సీసా తీయలేదు. "గులాబి ఉన్నన్ని దినాలు నా తాన్నే ఉంటది. బతికున్నదాన్ని మన్నుల పెట్టుడు నాతోని కాదు," అంది. వెంకటవ్వ గుంటను తట్టతో మూసి, కోళ్ళు కెలకకుండా రాయి పెట్టింది.

అప్పుడే లింబయ్య చేను నుంచి వచ్చాడు. సంగతి విని గుడ్లప్పగించి చూశాడు. "నాకియ్యే ఒక్కపారి," అన్నాడు.

"చేతులు కడుక్కున్నవా?"

వాడు తొట్టి దగ్గరకు పోయి కడుక్కుని వచ్చాడు. ఆమె వాడి అరచేతులు పట్టుకుని వాసన చూసి, తల తిప్పేసుకుంది. వాడు కాలువ దాకా పోయాడు. ఒండ్రుమట్టితో రుద్దుకున్నాడు, బూడిదతో రుద్దుకున్నాడు, నిమ్మకాయ పిండుకున్నాడు. తిరిగి వచ్చేసరికి చేతులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. ఆమె మళ్ళీ వాసన చూసింది. సీసా బయటికి మాత్రం తీయలేదు. వాడు దూరంగా అరుగు చివర కూర్చుని, "గాడికెల్లే జూపెట్టు," అన్నాడు. ఆమె బయటికి తీసి, ఎత్తి పట్టుకుని చూపించింది. సాయంత్రపు ఎండ సీసాలోంచి పడి ఆమె మెడ మీద గులాబీ రంగు మరక కదిలింది. లింబయ్య చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని చూశాడు.

ఆ రోజులన్నీ ఆమె పనికి పోయింది. ఒంగితే సీసా ఒత్తుకుంటుందని ముక్కలు కొట్టడం నిలబడే చేసింది. "భూమవ్వ సీసను కన్నది," అని కొందరు పరాచికాలాడారు. వాళ్ళే పొద్దున వచ్చి, ఒక్కసారి చూపించవే అని అడిగారు.

ఒక తెల్లవారుజామున మా గడపలో నిలబడింది.

"తమ్మీ, పచ్చగైంది. ఆకలైతున్నదట గదా. ఏం పొయ్యాలె?"

"గా నీళ్ళు మనకు దొరకయక్కా. మనం చేసేటియి కావు."

"పాలు?"

"పాలు పోస్తే ఇర్గిపోతది."

ఆమె సరేనన్నట్టు తలూపింది. అరుగు మీద కూర్చుని సీసాను అరచేతుల్లో పెట్టుకుని, అది మసకబారేదాకా అలాగే ఉంది. వేలకొద్దీ పేజీలు చదివిన నేను పక్కన కూర్చుని ఉన్నాను. ఒక చుక్క ఆహారం ఎలా చేయాలో వాటిలో ఒక్క పేజీలోనూ లేదు. ఉండి ఉంటుంది, మాకు అందే పత్రికల్లో లేదు.

పూడ్చడం వెంకటవ్వే చేసింది. గురిగి, పసుపు, ఉప్పు, వేపాకు, బండ, ఏదీ తక్కువ కాలేదు. భూమవ్వ అత్త చెప్పినట్టే బండ మీద కూర్చుని స్నానం చేసింది. ఏడవలేదు. ఎవరో అడిగితే, "గాడ పట్నంల ఉన్నడు గదా," అంది.

కడుపు నిలవలేదు. ఒకటి మన్నులో పడింది గాని తక్కినవి పట్నంలో తిరుగుతున్నాయి కదా అని వెంకటవ్వ తన లెక్క తను చూసుకుంది. మారుమనువు మాట మళ్ళీ ఎత్తితే లింబయ్య ఒకసారి, "నా చేతులకు ఇంక వాసన పోలే, ఊకో అవ్వా," అన్నాడు. అంతే. మందు కొట్టే పని మానేశాడు. పటేలు తిట్టి, డబ్బా ఇంకొకడి వీపుకు కట్టాడు. లింబయ్య చెరుకు బండ్లకు కూలికి పోయాడు.

నేను పసుపు లారీల వెంట హైదరాబాదు పోయినప్పుడల్లా బాపురావు దగ్గరకు పోయేవాణ్ణి. తిరిగి వస్తే ఆమె నన్ను చూసిన చూపుకే జవాబు చెప్పాల్సి వచ్చేది. ఉన్నాయక్కా అనేవాణ్ణి. మంచిగున్నడా అనేది. నేను కణాలు అన్నా, ఆమె వాడు అన్నా ఇద్దరం ఒకదాని గురించే మాట్లాడుతున్నామని నాకు ఎప్పుడూ రూఢిగా తెలియలేదు. సరిదిద్దడం మానేశాను. ఆమె ఎప్పుడూ మళ్ళీ తీసుకుపొమ్మని అడగలేదు. ఎందుకో అడిగితే, పోతే మల్ల తేబుద్ధయితది అంది.

చివరిసారి బోధన్ బస్టాండులో కలిశాం. డెబ్బై మూడు. వానల్లేక చెరుకు ఎండిపోయిన ఏడు అది. వాళ్ళిద్దరూ మంజీర అవతల మహారాష్ట్ర దిక్కు చెరుకు నరకడానికి పోతున్నారు. మూటలు బస్సు మీదికి ఎక్కించడానికి లింబయ్య పైకి పోయాడు. ఆమె కిటికీ దగ్గర కూర్చుని ఉంది, నన్ను చూసి పిలిచి ఆపింది. నా దగ్గర కొత్త సంగతి ఉంది. బాపురావు లెక్కలన్నీ పూర్తయ్యాయి, ఆ మందు ఎంత తక్కువైనా బతకనివ్వదని తేలింది, పత్రికలో అచ్చయింది, పైవాళ్ళకు పంపాడు.

"అయితే బంద్ పెట్టిండ్రా?"

"డబ్బా మీద పుర్రె బొమ్మ జెర పెద్దగ చేసిండ్రక్కా."

నా మాటలో విషం నాకే తెలిసింది. ఆమె మాత్రం దాన్ని పట్టించుకోలేదు. ఆ సంగతి వినడానికి ఆమె నన్ను ఆపలేదు.

"గీ నడుమ మనకాడ కరెంటు దినాం పోతున్నది గదా. హైద్రాబాద్ల గూడ పోతదా?"

"పోతదక్కా. అక్కడ గూడ పోతుందట."

కండక్టర్ "చలా, లౌకర్ బసా!" అని, తొందరగా ఎక్కి కూర్చోమని మరాఠీలో కేకవేశాడు. బస్సు ఊగింది. ఆమె చువ్వల మధ్య నుంచి చెయ్యి చాపి నా భుజం పట్టుకుంది.

"గా సారుకు సెప్పు తమ్మీ. గాడ పనిచేసే ఆడోళ్ళు ఉంటరు గదా. కరెంటు పోతే, అచ్చేదాంక, ఎవలన్న ఒకామె రొమ్ముల పెట్టుకొమ్మను. భూమవ్వ సెప్పిందని సెప్పు."